ఢిల్లీ లేఖ: అల్లుని చేతి గడియారం

రాజ్యాంగం అమలులోకి వచ్చిన తరువాత పార్లమెంటు ఉభయసభలు ఒక బిల్లుపై భేదించి, ఆ భేదాన్ని తీర్చుకోవడానికి ఒకే కప్పు కింద కూర్చున్న సందర్భాలు మూడే మూడు. 2002లో ఉగ్రవాద నిరోధక బిల్లు, 1978లో బ్యాంకింగ్ సర్వీసు కమిషన్ రద్దు బిల్లు వాటిలో రెండు. మొట్టమొదటిది 1961 మే నెలలో జరిగింది. ఆ నెల 6, 9 తేదీలలో లోక్‌సభ, రాజ్యసభ సభ్యులు సెంట్రల్ హాలులో సమావేశమైనది ఆడపిల్ల తండ్రి మగపెళ్ళివారికి ఇచ్చే దానిలో ఎంతవరకు కానుక, ఎక్కడినుంచి కట్నం అన్న చిక్కుముడిని విప్పడానికే. వరకట్న నిషేధ చట్టం ఆ సమావేశంలో పుట్టింది.

ఆ విషయంలో మన రాష్ట్రం ఢిల్లీకంటె ముందే మేల్కొన్నదని పాఠకులలో చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1958లోనే సొంతంగా ఒక వరకట్న నిషేధ చట్టం చేసుకొన్నది. బీహారు అంతకు ముందే, 1950లో, అటువంటి శాసనం చేసింది. 1961 నాటి కేంద్ర చట్టం తన చివరి సెక్షనులో ఈ రెండు చట్టాలను పేరుపెట్టి రద్దు చేసింది. అన్నగారు వచ్చినారు గనుక తమ్ములు తప్పుకోవలసి వచ్చిందన్నమాట.

ఐతే అన్నగారు వస్తూ వస్తూ వెంట ఒక వెసులుబాటు తెచ్చినారు. పెళ్ళి సమయంలో నగదు, నగలు, బట్టలు, ఇతర వస్తువుల రూపంలో ఇచ్చే కానుకలు, వివాహానికి ప్రతిఫలంగా ఇచ్చినవైతే తప్ప, కట్నంగా భావింపబడవని ఒక వివరణను చట్టంలోనే చేర్చినారు. ఉభయసభల మధ్య వచ్చిన భేదాలలో ఈ కానుకల ప్రస్తావన ముఖ్యమైనది. ముందు వాకిలి మూసి పెరటి తలుపు తెరిచి పెట్టినట్లు, రొక్కంగా వెళ్ళడానికి జంకినదంతా కానుకగా వెళ్ళడానికి దారి దొరికింది. 23 సంవత్సరాల తరువాతగాని, 1984 సవరణలోగాని, ఆ వివరణను తొలగించలేదు.

ఈ పాత చరిత్ర ఇప్పుడెందుకంటే, గత మాసంలో ఒక మిత్రునితో కలిసి కన్నాట్ ప్లేసులో గడియారాల దుకాణం మెట్లెక్కవలసి వచ్చింది. ఆయన కేంద్ర ప్రభుత్వోద్యోగి. గోదావరి జిల్లానుంచి వచ్చి 30 ఏళ్ళుగా ఢిల్లీలో స్థిరపడినవారు. పదవీ విరమణకు రెండేళ్ళ గడువున్నది. ఒక్కగానొక్క కుమార్తె చదువుకొని ఉద్యోగం చేస్తున్నది. బెంగుళూరులో పనిచేస్తున్న తెలుగు కుర్రవానితో సంబంధం కుదిరింది. తాంబూలాలనాడు కాబోయే అల్లుని చేతికి ఒక మంచి వాచీ పెట్టాలని ఆయన సంకల్పం. "మీరు నలుగురు పెద్దమనుషుల చేతులు రోజూ చూస్తూ ఉంటారు గదండీ, ఏది బాగుంటుందో చెబుదురుగాని రండి" అని నన్ను వెంటబెట్టుకొని వెళ్ళినారు.

చేతి గడియారం మన పెళ్ళిళ్ళకు కొత్త కాదు. చట్టం వచ్చిన 1961లోనే బెంగుళూరులో హిందూస్తాన్ మెషిన్ టూల్స్ వారు జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో గడియారాల తయారీ ఆరంభించినారు. అంతకు ముందు అల్లునికి వాచీ అంటే దిగుమతి సరుకే. ఆ తరువాత కూడా ఎచ్చెంటీ వాచీ కావాలంటే ముందుగా చెప్పి పెట్టుకోవలసిన కాలమొకటి నడిచింది. సైకిలు, వాచీ, ట్రాన్సిస్టరు రేడియో: ఈ మూడూ లేనిదే ఉత్తరాదిని బరాత్ కదిలేది కాదు, మన వైపు అలక పాన్పు దిగేవారు కారు. హైదరాబాదులో ఆల్విన్ వారు జపాను సీకో సహకారంతో చేసిన గడియారాలు, హోసూరులో 1984లో స్థాపితమైన టైటన్ వారి గడియారాలు ఎనభయ్యవ దశకంలో వచ్చి ఈ కొరత తీర్చినాయి. నా పెళ్ళిలో మా మామగారు పెట్టినది టైటన్. మరునాడే దాని ధర ఊళ్ళో అందరికీ తెలుసు. దాచవలసినంత ధర కాదది.

విదేశీ వాచీ మీద మోజుకు మన శాసన గ్రంథాలే సాక్ష్యం. 1962 నాటి కస్టమ్స్ చట్టం 123వ సెక్షనులో బంగారం సరసన గడియారాలను పేరుపెట్టి పేర్కొన్నారు. దొంగసరుకన్న సహేతుకమైన నమ్మకంతో అధికారులు స్వాధీనం చేసుకొంటే, కాదని నిరూపించుకొనే బాధ్యత పట్టుబడినవానిదే. బంగారంతో సమానంగా అనుమానింపబడిన వస్తువు ఎంత గౌరవనీయమైనదో వేరే చెప్పనక్కర లేదు.

ఇప్పుడా దొంగచాటు వ్యవహారాల అవసరం తగ్గిపోయింది. దుకాణంలో అద్దాల బల్ల మీద ముఖమలు పళ్ళెం పరిచి, అమ్మకందారు చేతులకు తెల్లని తొడుగులు తొడుక్కొని, స్విట్జర్లాండు గడియారాలు ఒకటొకటిగా పెట్టినాడు. "దామాద్‌జీ కోసమా?" అని తానే అడిగినాడు. మామగార్ల ముఖాలు అతనికి బాగా అలవాటైనట్లున్నవి. వేలతో మొదలై లక్షలకు, లక్షలనుంచి పది లక్షలకు మెట్లు మెట్లుగా ధరలు పేర్చి ఉన్నవి. పది లక్షలు మించిన చేతి గడియారంపై అమ్మినవారు నూటికి 1 రూపాయి వంతున ముందుగానే ఆదాయపు పన్ను వసూలు చేసి జమకట్టాలని 2025 ఏప్రిల్ 22 నుంచి నిబంధన వచ్చింది. ఖజానావారు సైతం గుర్తించవలసినంతగా ఈ వ్యాపారం పెరిగిందని దీనివల్ల తెలుస్తున్నది. స్విట్జర్లాండుతో కూడిన నాలుగు ఐరోపా దేశాల కూటమితో మన ప్రభుత్వం 2024 మార్చిలో సంతకం చేసిన వర్తక ఒప్పందం 2025 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం స్విస్ గడియారాలపై దిగుమతి సుంకం దశలవారీగా తగ్గిపోతుంది. రానున్న పెళ్ళిళ్ళలో స్విస్ వాచీల సంఖ్య పెరిగేదే తప్ప తరిగేది కాదు.

కొనేవారికి పనికివచ్చే నాలుగు మాటలు ఇక్కడే చెబుతాను. పేరున్న స్విస్ గడియారాలలో అధికభాగం చేతి కదలికకు చుట్టుకొనే స్ప్రింగుతో నడిచేవి. వాటిలో ప్రత్యేక పరీక్ష నెగ్గి క్రోనోమీటర్ అన్న బిరుదు పొందినది సైతం రోజుకు 4 సెకండ్లు వెనుకపడవచ్చు, 6 సెకండ్లు ముందుకు పోవచ్చు. బ్యాటరీతో నడిచే సామాన్యమైన క్వార్ట్జ్ వాచీ నెల మొత్తం మీద 15 సెకండ్లకు అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి లక్షలు పోసేది కాలాన్ని కచ్చితంగా తెలుసుకొనేందుకని ఎవరూ భ్రమపడనక్కర లేదు. పనితనానికి, పేరుకు ఆ ధర. కొన్ని ఏళ్ళకొకసారి విప్పి శుభ్రం చేయించవలసిన ఖర్చు అల్లుని నెత్తిన పడుతుంది. తయారీదారులు నియమించిన విక్రేతవద్దనే కొని, తేదీ వేసిన హామీ పత్రం, వాచీపై ఉన్న వరుస సంఖ్య సరిపోల్చుకోవాలి. 2 లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా పుచ్చుకోరాదని 2017 నుంచి నిషేధమున్నది. రసీదు లేకుండా ఇస్తామన్నవానికి దూరంగా ఉండడం క్షేమం. దుబాయినుంచి బంధువు తన చేతికి పెట్టుకొని తెస్తే సుంకం ఉండదన్నది అపోహ. నిర్ణీత పరిమితి దాటినదేదైనా ప్రకటించవలసినదే.

ఇవన్నీ మిత్రునికి చెప్పినాను. ఆయన చూపు మాత్రం మూడున్నర లక్షల గడియారం మీదనుంచి కదలలేదు. అంత దేనికని అడిగినాను. మగపెళ్ళివారు కట్నం మాటే ఎత్తలేదట. "మీ అమ్మాయికి మీరేం పెట్టుకొంటారో మీ ఇష్టం" అన్నారట. ఐతే సంబంధం చూసిన పెద్దమనిషి తరువాత ఫోనులో మాటవరసకు, పెద్దకుమారునికి అత్తవారు ఫలానా స్విస్ వాచీ పెట్టినారని, దాని పేరుతో సహా చెప్పినాడట. "వారేమీ అడగలేదండీ" అని మిత్రుడు రెండు మూడుసార్లు అన్నారు. భవిష్యనిధినుంచి తీసుకొనేందుకు దరఖాస్తు కూడా సిద్ధం చేసుకొన్నారు.

అడగలేదన్న మాట చట్టం దృష్టిలో ఎంతవరకు నిలుస్తుందో చూడవలసి ఉన్నది. కట్నానికి నిర్వచనం చెప్పే రెండవ సెక్షనులోను, అడగడాన్ని శిక్షించే నాలుగవ సెక్షనులోను "ప్రత్యక్షంగాగాని పరోక్షంగాగాని" అన్న మాటలున్నవి. వరుని అన్నగారి వాచీ పేరు మధ్యవర్తి నోట చెప్పించడం పరోక్షం కాకపోతే మరేది పరోక్షం? ఇచ్చేవానికీ పుచ్చుకొనేవానికీ 1986 సవరణ ప్రకారం 5 సంవత్సరాలకు తక్కువకాని జైలు శిక్ష, 15,000 రూపాయలు లేదా కట్నం విలువ, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి తగ్గని జరిమానా ఉన్నవి. ఐతే అడగకుండా ఇచ్చిన కానుకకు చట్టం మినహాయింపు ఇచ్చింది. ఆడపెళ్ళివారు ఇచ్చే కానుక ఆచారసిద్ధమైనదై ఉండాలి. ఇచ్చేవారి ఆర్థిక స్థితిని బట్టి చూచినప్పుడు దాని విలువ మితిమీరినది కాకూడదు. దానిని ఒక చిట్టాలో నమోదు చేయాలి.

ఈ మూడవ షరతును గురించి న్యాయవాదులు తప్ప తక్కినవారు మాట్లాడగా నేను విన్నది అరుదు. 1985 అక్టోబరు 2 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం, పెళ్ళికూతురికి వచ్చిన కానుకల చిట్టా ఆమె వద్ద, పెళ్ళికుమారునికి వచ్చినవాటి చిట్టా అతని వద్ద ఉండాలి. పెళ్ళినాడో, ఆ తరువాత వీలైనంత త్వరలోనో వ్రాయాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వముంటే అదేమిటో చూపాలి. వధూవరులిద్దరూ రెండు చిట్టాలపైనా సంతకాలు చేయాలి. చదివింపుల పుస్తకంలో 116 రూపాయలు ఎవరు చదివించినారో పూసగుచ్చినట్లు వ్రాసుకొనే జాతికి ఇది కష్టమైన పని కాదు. ఐనా 1985 తరువాత నేను హాజరైన పెళ్ళిళ్ళలో ఈ చిట్టా వ్రాయగా ఒక్కచోటనూ చూడలేదు.

పొరుగు దేశాలు ఇదే సమస్యను వేరు పద్ధతులలో ఎదుర్కొన్నవి. నేపాలు 1976లో సామాజిక వ్యవహారాల సంస్కరణ చట్టం చేసింది. బంగ్లాదేశ్ 1980లో వరకట్న నిషేధ చట్టం చేసి, 2018లో దాని స్థానంలో కొత్తది తెచ్చింది. పాకిస్తాన్ 1976లో చేసిన చట్టం అన్నిటికంటె సూటిగా లెక్కలోకి దిగి, కట్నం విలువ మొత్తం 5,000 రూపాయలకు మించరాదని హద్దు గీసింది. ఆ 5,000 రూపాయలకు 1976లో ఒక అర్థమున్నది. ద్రవ్యోల్బణంలో ఆ అంకె కొట్టుకొనిపోయి ఎవరూ పట్టించుకోని హద్దుగా మిగిలింది. మనవారు అంకె పెట్టకుండా "ఆర్థిక స్థితిని బట్టి" అన్నారు. మన కొలబద్ద రబ్బరు లాగా సాగుతుంది. కూతురి పెళ్ళినాడు తన స్థితి ఇంతేనని నలుగురిలో ఒప్పుకొనే తండ్రి ఎవరు? ఏ కానుక మితిమీరినదో తేల్చవలసిన ఘడియలో, తేల్చవలసినవాడే అందుకు అందరికంటె అశక్తుడు.

ఖరీదైన కానుకలు ఎక్కడ పుచ్చుకొన్నా లెక్క చెప్పవలసి వస్తుందని మన రాజకీయాలే నేర్పినవి. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారి చేతికున్న హుబ్లో గడియారం 2016లో పెద్ద దుమారం రేపింది. అది మిత్రుడొకరు ఇచ్చిన కానుక అని ఆయన చెప్పినారు, చివరకు శాసనసభాపతికి అప్పగించినారు. సౌదీ యువరాజు ఇచ్చిన గడియారంతో సహా విదేశీ కానుకల వివరాలను సరిగా ప్రకటించలేదంటూ పాకిస్తాన్ మాజీ ప్రధాని ఇమ్రాన్ ఖాన్‌ను అక్కడి ఎన్నికల సంఘం 2022 అక్టోబరులో అనర్హునిగా తేల్చింది. ఆయన ఆ ఆరోపణలను నిరాకరించినారు. మన విదేశాంగశాఖలోనూ తోషాఖానా ఉన్నది. విదేశాలలో మంత్రులకు వచ్చిన కానుకలకు అక్కడ విలువ కట్టి నమోదు చేస్తారు. మంత్రి చేతి గడియారం విలువ దేశానికి తెలియాలన్న మనమే, అల్లుని చేతి గడియారం విలువ ఒక కాగితంపై వ్రాయడానికి ఎందుకు జంకుతున్నాము?

ఈ ప్రశ్నకు జవాబు నాకు ఆ దుకాణంలోనే దొరికింది. చిట్టా సంగతి చెప్పి, ఈ వాచీ ధరను అందులో వ్రాసి కుర్రవానిచేత, అమ్మాయిచేత సంతకాలు పెట్టించండని మిత్రునితో అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మమ్మా, వియ్యాలవారు ఏమనుకొంటారు?" అన్నారు. మూడున్నర లక్షలు తెచ్చేందుకు భయపడని మనిషి మూడు వరుసలు వ్రాసేందుకు భయపడినాడు. ప్రేమతో ఇచ్చే కానుకకు రసీదులెందుకని అనేవారున్నారు. ఆ మాటలో కొంత నిజమున్నది. పిల్లనిచ్చి కాళ్ళు కడిగే సంబంధాన్ని కాగితాలమీదికి దింపడం ఎవరికీ రుచించదు. ఐతే ఆ రోజు మిత్రుని ముఖంలో నేను చూచినది ప్రేమకు అడ్డుపడే సంకోచం కాదు. వ్రాస్తే అది దేనికింద లెక్కకు వస్తుందో ఆయనకు లోలోపల తెలుసు.

నేను ఆయనకు రెండు మాటలు చెప్పినాను. అప్పు చేయకుండా, ముందు దాచిన సొమ్ము ముట్టుకోకుండా ఎంతలో వస్తుందో అంతలో కొనండి. కొనేముందు ఆ ధర మీ అమ్మాయికి చెప్పండి. ఆమె సంపాదించుకొంటున్న పిల్ల. తన పేరు మీద జరిగే వ్యవహారం ఆమెకు తెలియకుండా జరగడం న్యాయం కాదు. ధర విని ఆమె సంతోషిస్తే నిశ్చింతగా కొనవచ్చు. ఎందుకింత అని అడిగితే ఆ ప్రశ్నకు చెప్పగల సమాధానం తండ్రి దగ్గర ఉండాలి. మిత్రుడు ఏమీ కొనకుండా, ఆలోచించి వస్తానని అమ్మకందారుతో చెప్పి దిగివచ్చినారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. తాంబూలాలకు ఇంకా మూడు వారాల వ్యవధి ఉన్నది.

వాచీ దగ్గర ఇంత చర్చ దేనికని ఎవరైనా అనవచ్చు. 1985నాటి ప్రతిభారాణి కేసులో స్త్రీధనంపై సంపూర్ణ హక్కు భార్యదేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఐనా నేటికీ న్యాయస్థానాలలో ఏది ఇచ్చినారు, ఎవరికి ఇచ్చినారు, అడిగితే ఇచ్చినారా ఇష్టపడి ఇచ్చినారా అన్న మూడు ప్రశ్నలమీదనే ఏళ్ళ తరబడి వాదాలు నడుస్తున్నవి. ఫోటోలు, పాత రసీదులు, బంధువుల జ్ఞాపకాలు తప్ప ఆధారం ఉండదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కలలో 2022లోను, 2023లోను వరకట్న మరణాలు ఆరేసి వేలకు పైబడినవి. వాటిలో ప్రతి ఒక్కటి ఒక పెళ్ళిపందిరిలో, అందరూ నవ్వుతూ ఉండగా ఆరంభమైనదే. మొదటి కోరిక ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది. అది తీరిన తీరును బట్టి రెండవ కోరిక ఎంతటిదో నిర్ణయమవుతుంది.

ఇందుకు కొత్త చట్టం అక్కర లేదు. వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ ఆంధ్రప్రదేశ్ 2002లోనే శాసనం చేసింది. దేశమంతటా నమోదు తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 2006లో ఆదేశించింది. వివాహం నమోదు చేయించుకోవడానికి వచ్చిన దంపతులను, 1985 నియమాల ప్రకారం వ్రాసిన రెండు చిట్టాల నకళ్ళు జతపరచమని అడిగితే చాలు. కానుకలేవీ లేకపోతే లేవని వ్రాసి సంతకం చేస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఇందుకు పూనుకొంటే, 1958లో దేశానికి దారి చూపిన శాసనసభ వారసులకు అది తగిన పనే అవుతుంది. రిజిస్ట్రారు అడుగుతాడని ముందే తెలిస్తే, గడియారాల దుకాణం మెట్లెక్కే తండ్రికి ధర అడగడానికి ముందే ఒక ఆలోచన కలుగుతుంది. "ఇది వ్రాయవలసి వస్తుందండీ" అని వియ్యంకునితో చెప్పుకోవడానికి సర్కారు పేరున ఒక సాకు కూడా దొరుకుతుంది. ఆడపిల్ల తండ్రికి అటువంటి సాకు ఎంత అవసరమో ఆ స్థానంలో నిలిచినవారికే తెలుస్తుంది.